కిటికీ దగ్గరి వెలుగు

మా అమ్మాయి తొలి కాన్పుకు కొత్తగూడెం వచ్చేనాటికి అల్లుడు సౌదీలోని దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఎంత ప్రయత్నించినా సెలవు దొరకలేదు. డిసెంబరు నెలలో పాప పుట్టింది. పసికందు చెవిలో అజాన్ పలకవలసిన తండ్రి సముద్రానికి ఆవల ఉండడంతో ఆ బాధ్యతను మా అబ్బాయి నెరవేర్చాడు. అల్లుడు ఫోనులో వింటూ ఉన్నాడు. అజాన్ ముగిసిన తరువాత చాలాసేపు అతని గొంతు పెగలలేదు. చివరికి ఒక్క మాట అన్నాడు: “అమ్మీ, రోజుకొక్క ఫోటో పంపండి. పాప బాగా కనిపించేటట్టు పంపండి.”

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్నే గాని, ఫోటోలు తీయడం నాకు చేతకాదు. మా కాలంలో ఫోటో అంటే ఏడాదికొక పండుగ వంటిది. మా అమ్మాయి పసితనానికి గుర్తుగా ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో. తొమ్మిదో నెలలో స్టూడియోకు తీసుకువెళ్ళి తీయించాము. కళ్ళెదుట ఫ్లాష్ మెరిసేసరికి పిల్ల బెదిరి ఏడ్చింది. ఆ ఏడుపు ముఖమే నేటికీ మా బీరువాలో ఉంది. మావారు ఆ రోజు మొదటి షిఫ్టులో భూగర్భంలో ఉన్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి, “ఏమైంది బిడ్డకు, ఎందుకంత ఏడ్చింది?” అని అడగడం నాకింకా గుర్తే. సింగరేణి కార్మికుడిగా ఉద్యోగకాలమంతా గనిలోనే గడిపిన ఆయన నాలుగేళ్ళ క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మనవరాలిని చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన రోజునే నేను ఫోను చేతబట్టాను. చుంచుపల్లి వైపు మేము కట్టుకున్న ఇల్లు చిన్నది. పురిటిగదికి లేత పసుపు రంగు సున్నం. చలిగాలి తగలకూడదని కిటికీ తలుపులు మూసివేశాము. పైన బల్బు వెలుగుతూ ఉండేది. పాప మీద ఎర్రని బొంత. నేను నిలబడి, పైనుండి వంగి, ఫోనును దాదాపు పాప ముక్కు దగ్గరకు తెచ్చి ఫోటోలు తీసేదాన్ని. ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కు పోయినట్టుగా వచ్చేవి. నా తల నీడే పాప ముఖం మీద పడేది. నూనె చేతులతో పట్టుకోవడం వల్ల ఫోను వెనుక ఉన్న కెమెరా అద్దం జిడ్డుపట్టి, బొమ్మ అంతా పొగమంచులో ఉన్నట్టు తోచేది.

అయినా అల్లుడికి పంపించినవి చక్కగానే ఉండేవి. కారణం, ఆ ఫోనులో చర్మాన్ని నునుపు చేసి, రంగును తేలుస్తూ, ముఖాన్ని దానంతట అదే ‘అందంగా’ మార్చే ఏర్పాటు ఉంది. మొదటి ఫోటో చూడగానే అల్లుడు సంబరపడి, “మా ఇంట్లో ఎవరికీ లేనంత తెల్లగా ఉంది అమ్మీ!” అన్నాడు. చూడవచ్చిన బంధువొకామె కూడా ఫోను తెర వంక చూసి మాషా అల్లాహ్ అన్నదే గాని, ఒళ్ళో ఉన్న పాప వంక చూడలేదు. పాప మేని రంగు చామనఛాయ, వాళ్ళ నానాదే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అల్లుడి సంతోషాన్ని చెదరగొట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. సోదరీమణులకు ఉపయోగపడుతుందన్న ఆశతోనే దాన్ని దాచకుండా రాస్తున్నాను.

పుట్టిన మూడవ రోజు సాయంత్రం తీసిన ఫోటోలో పాప పచ్చగా కనిపించింది. బల్బు వెలుతురువల్లనో, గోడ రంగువల్లనో అలా వచ్చిందనుకున్నాను. ఫోటోలోని పసుపును తగ్గించే విధానాన్ని మా అబ్బాయి అంతకు ముందే నాకు నేర్పాడు. తెర మీద వేలితో ఒక గీతను కొద్దిగా ఎడమకు జరిపితే చాలు. జరిపాను. పసుపు పోయింది. లేత గులాబి రంగు పాప వచ్చింది. ఆ ఫోటోనే దమ్మామ్‌కు పంపి, నిశ్చింతగా నిద్రపోయాను.

మరుసటి రోజు ఉదయం ఎండ బాగా వచ్చింది. ఇంకా మంచి ఫోటో తీద్దామని బల్బు ఆపి, తూర్పు కిటికీ తలుపులు తెరిచి, దాని పక్కగా చాప మీద పాపను పడుకోబెట్టాను. ఫోను ఎత్తి చూశాను. పసుపు రంగు అలాగే ఉంది. ఫోనును దించి, నా కళ్ళతో చూశాను. అప్పుడూ ఉంది. ముక్కు కొనను వేలితో మెల్లగా నొక్కి వదిలాను. నొక్కినచోట చర్మం పచ్చగా కనిపించింది. కంటి తెల్లగుడ్డు సైతం పసుపు తిరిగింది. ముందురోజు సాయంత్రం కెమెరా నాకు నిజమే చెప్పింది. దాన్ని అబద్ధంగా మార్చి, మురిసిపోయి, కన్నతండ్రికి పంపినది నేను.

“పసిపిల్లలకు పచ్చకామెర్లు మామూలే, పొద్దుటెండలో పెడితే పోతాయి” అన్నారు ఇరుగుపొరుగు పెద్దవాళ్ళు. ఆ మాటలో సగమే నిజముంది. నెలలు నిండి పుట్టిన ప్రతి పదిమంది శిశువులలో సుమారు ఆరుగురికి మొదటి వారంలో కొంత పసుపు కనిపిస్తుంది. పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనపుడు పుట్టే బిలిరుబిన్ అనే పదార్థాన్ని బయటకు పంపే శక్తి పసికందు కాలేయానికి ఇంకా పూర్తిగా రాకపోవడమే ఇందుకు కారణం. చాలామందికి అది దానంతట అదే తగ్గిపోతుంది. అయితే అది హద్దు మీరి పెరిగితే మెదడుకు చేరి, వినికిడినీ, కదలికలనూ శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఎంత ఉన్నదీ కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు, పరీక్ష చేయవలసిందే. పుట్టిన మొదటి ఇరవై నాలుగు గంటలలోనే పసుపు కనిపించినా, అరచేతులకూ అరికాళ్ళకూ పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా క్షణం ఆలస్యం చేయకూడదు. మన పిల్లల వంటి చామనఛాయ, నలుపు మేనిఛాయలలో పసుపు త్వరగా బయటపడదు గనుక కంటి తెల్లగుడ్డును, చిగుళ్ళను పగటి వెలుతురులో చూడాలి.

ఇవన్నీ నాకు ఆ తరువాత తెలిసిన విషయాలు. ఆ ఉదయం నాకు తెలిసినదల్లా భయమే. గంటలోపు పాపను ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. రక్తపరీక్ష చేశారు. ఫలితం చూసిన వైద్యురాలు వెంటనే చేర్చుకోమన్నారు. “ఈరోజు తీసుకురావడం మంచిదైంది” అన్నారు. ఆ మాట విన్నప్పుడు ముందురోజు నేను వేలితో జరిపిన గీత గుర్తుకు వచ్చి, నా చెయ్యి నాకే బరువైపోయింది.

పాపను నీలికాంతి దీపాల కింద పడుకోబెట్టారు. కళ్ళకు చిన్న గంతలు కట్టారు. ఆ కాంతి చర్మంలోని బిలిరుబిన్ రూపాన్ని మార్చి, శరీరం దాన్ని సులభంగా బయటకు పంపగలిగేటట్టు చేస్తుందట. ఈ వైద్యం పుట్టుక కథ కూడా ఒక చూపు కథే. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పసిపిల్లలను ఆరుబయట తోటలోకి తీసుకువెళ్ళేవారు. ఒక బిడ్డకు బట్ట కప్పిన మేర పసుపు అలాగే ఉండి, వెలుగు సోకిన మేర తగ్గడం ఆమె గమనించి వైద్యులకు చూపించారు. ఆ గమనిక మీద పరిశోధన జరిపి, డాక్టర్ క్రెమర్, ఆయన సహచరులు 1958లో ఫలితాలను ప్రకటించారు. అంతమాత్రాన పసిబిడ్డను ఎండలో పెట్టడం ఈ వైద్యానికి బదులు కాదు. ఎండ వేడికి లేత చర్మం కమిలిపోతుంది, చలిగాలికి ఒళ్ళు చల్లబడుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యంగా విలువైన సమయం గడిచిపోతుంది.

ఆ రాత్రి అల్లుడికి జరిగినదంతా చెప్పాను. ఫోటో రంగు మార్చిన సంగతి కూడా దాచలేదు. కోపగించుకుంటాడని సిద్ధపడ్డాను. కొంతసేపు మౌనంగా ఉండి, “ఇకమీదట ఎలా ఉంటే అలాగే పంపండి అమ్మీ. నేను చూడాలనుకున్నది మన పాపను” అన్నాడు. మా అమ్మాయి నీలికాంతిలో ఉన్న పాప పాదం మీద తన చెయ్యి ఉంచి, ఒకే ఒక్క ఫోటో తీసి పంపింది. దానికి ఎవరమూ ఏ మార్పూ చేయలేదు.

రెండు రోజుల తరువాత, అల్‌హమ్దులిల్లాహ్, పాప ఇంటికి వచ్చింది. నేను ఫోటోలు తీయడాన్ని ఓనమాల నుండి మళ్ళీ నేర్చుకున్నాను. మొదటి పాఠం నాకు మావారి మాటల్లోనే దొరికింది. గనిలో ప్రతి కార్మికుడి తల మీదా ఒక దీపం ఉంటుంది. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు తలను కాస్త పక్కకు తిప్పుకోవడం అక్కడి మర్యాద అని ఆయన చెప్పేవారు. “దీపం సూటిగా ముఖాన కొడితే కళ్ళు చెదురుతాయి, మనిషి ముఖం తెల్లకాగితంలా అయిపోతుంది. పక్కనుండి పడితేనే ముక్కూ కళ్ళూ తెలుస్తాయి” అనేవారు. ఫ్లాష్ చేసే పని కూడా సూటిగా కొట్టే ఆ దీపం పనే. అందుకని ఫ్లాష్ పూర్తిగా ఆపివేశాను.

వెలుగును గురించి ఆలోచించేటప్పుడు మనవారైన ఇబ్నుల్ హైసమ్‌ను తలుచుకోకుండా ఉండలేము. సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో జీవించిన ఈ మహాశాస్త్రజ్ఞుడు ‘కితాబుల్ మనాజిర్’ అనే గ్రంథం రచించారు. కంటినుండి కిరణాలు బయలుదేరి వస్తువులను తాకడం వల్ల చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలెమీ వంటి పూర్వులు భావించారు. కాదు, వస్తువుల మీది నుండి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడం వల్లనే చూడగలుగుతున్నామని ఆయన నిరూపించారు. చీకటి గదికి చిన్న రంధ్రం చేసి, బయట వరుసగా దీపాలు పెట్టి పరీక్షించారు. ఒక దీపాన్ని మూసివేస్తే లోపలి గోడ మీద దానికి సంబంధించిన వెలుగు మాత్రమే మాయమయ్యేది. నేటి కెమెరా ఆ చీకటి గదికి వారసురాలే. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా ప్రకటించినపుడు, ఆ గ్రంథానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భాన్ని కూడా స్మరించుకున్నారు. దివ్యఖుర్ఆన్‌లో వెలుగు పేరిట ఒక సూరాయే ఉంది. అటువంటి సముదాయానికి చెందిన మనం వెలుగును సరిగా వాడుకోవడం నేర్చుకోవద్దా?

నేను నేర్చుకున్న నాలుగు సంగతులు ఇవి. వెలుగు కిటికీది కావాలి, బల్బు ఆపివేయాలి. రెండూ కలిస్తే ముఖం ఒక పక్క పసుపుగా, మరొక పక్క నీలంగా వస్తుంది. కొత్తగూడెం శీతకాలంలో తూర్పు కిటికీకి ఉదయం ఎనిమిది నుండి తొమ్మిదిన్నర వరకు మంచి వెలుతురు ఉంటుంది. ఎండ నేరుగా పడితే పలుచని తెల్లని దుపట్టాను కిటికీకి కట్టాలి. అది ఎండను వడగట్టి మెత్తన చేస్తుంది. పాపను కిటికీకి అభిముఖంగా గాక, వెలుగు పక్కనుండి సోకేటట్టు పడుకోబెట్టాలి. తల కిటికీ వైపు ఉంటే వెలుగు నుదుటి నుండి గడ్డం వైపుకు జారుతుంది. కాళ్ళు కిటికీ వైపు ఉంటే కింది నుండి పడి ముఖం వికృతంగా కనిపిస్తుంది. నీడపడిన పక్కన ఒక తెల్లని తువ్వాలు పరిస్తే ఆ నీడ కూడా తేలికపడుతుంది. ఎర్రబొంత తీసి తెల్లని లేదా లేత రంగు బట్ట పరవాలి. ముదురు రంగు బట్టల ఛాయ పసివాళ్ళ చెంపల మీద పడుతుంది. మా ఊళ్ళో అద్దాల మీద బొగ్గుపొడి ఇట్టే చేరుతుంది గనుక కిటికీ అద్దాన్నీ, కెమెరా అద్దాన్నీ ముందుగా మెత్తని గుడ్డతో తుడవాలి.

ఇక మనం ఉండవలసిన చోటు. పైనుండి వంగకుండా నేల మీద కూర్చుని, అవసరమైతే పడుకుని, పాప కళ్ళ ఎత్తుకు కెమెరాను తీసుకురావాలి. మోకాళ్ళ నొప్పులతోనే నేను చాప మీద పక్కకు ఒరిగేదాన్ని. నమాజులో నేలకు నుదురు ఆనించేవాళ్ళం, మనుమరాలి కోసం నేలకు ఒరగలేమా! మరీ దగ్గరకు పోకూడదు. ఒక బారెడు దూరం జరిగి, తరువాత కావలసిన మేరకు కత్తిరించుకుంటే ముక్కు పెద్దదిగా రాదు. తెర మీద పాప కంటి దగ్గర వేలు పెడితే కెమెరా అక్కడ కుదురుకుంటుంది. చేతులు కదిలే పసిపిల్లలను ఒక్క క్షణంలో పట్టుకోలేము కాబట్టి వరుసగా అయిదారు తీసి, ఒక్కటి ఉంచుకుని మిగిలినవి తీసివేయాలి.

అన్నిటికన్నా ముందు పాప సౌఖ్యం. పాలు తాగి, తుడిపించుకుని, హాయిగా ఉన్నపుడే తీయాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు జానెడు దూరం మించి స్పష్టంగా కనిపించదు. అందుకే తల్లి ముఖాన్ని దగ్గరగా ఉంచితే ఆ చూపులో ఒక నిలకడ వస్తుంది. దిండ్ల మీద ఎత్తుగా కూర్చోబెట్టడం, బుట్టల్లో వంచి పడుకోబెట్టడం వంటి వేషాలు వద్దు. మెడ నిలవని బిడ్డ మీద ఎప్పుడూ ఒకరి చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి ఫోటోలో పడితే పడనివ్వండి. నేను తీసిన వాటిలో అల్లుడికి మిక్కిలి నచ్చినది పాప గుప్పిటలో తల్లి చూపుడువేలు ఉన్న ఫోటో.

ముఖాన్ని మార్చే ఏర్పాటును ఫోనులో శాశ్వతంగా ఆపించాను. అల్లాహ్ మానవుణ్ణి అత్యుత్తమమైన ఆకృతిలో సృష్టించానని సెలవిచ్చిన తరువాత, నాలుగు రోజుల పసిపాపకు రంగు అద్దవలసిన అవసరం ఏమున్నది? తెల్లవానికి నల్లవాని మీద ఎట్టి ఆధిక్యమూ లేదని దైవప్రవక్త (స) తమ అంతిమ హజ్ ప్రసంగంలో చాటారు. నల్లబంగారం పేర బొగ్గును గొప్పగా చెప్పుకునే మా ఊళ్ళో కూడా ఆడపిల్ల పుట్టగానే మొదట అడిగేది రంగునే. ఆ ప్రశ్నకు జవాబుగా మేము ఫోటోలను తెల్లబరుస్తూ పోతే, రేపు ఆ పిల్ల అద్దంలో చూసుకున్నప్పుడు, ఫోటోలో ఉన్నది తాను కాదని అనుకోదా? పైగా నా విషయంలో ఆ తెల్లదనం జబ్బునే కప్పివేసింది.

ఫోటోల విషయంలో మన ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అవసరానికి మించి ప్రాణుల చిత్రాలు తీయరాదని మన దేశంలోని పలువురు పెద్దలు అంటారు. కెమెరా చేసేది కొత్త సృష్టి కాదు, ఉన్న నీడను పట్టి నిలపడమేనని ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ వంటివారు అనుమతించారు. తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. దూరాన ఉన్న తండ్రికి బిడ్డను చూపడమే మా అవసరం. అందుచేత ఆ అవసరపు హద్దు దాటకూడదని ఇంట్లో కూర్చుని కొన్ని నియమాలు పెట్టుకున్నాము. రోజుకొక్కటే ఫోటో. గోడకు తగిలించము, అచ్చు వేయించి ఆల్బమ్‌లో దాచుతాము. స్నానం చేయించేటప్పుడు, బట్టలు లేనపుడు తీయము. స్టేటస్‌లలో, గ్రూపులలో పెట్టము. బిడ్డ మన చేతిలోని అమానత్. ఆమె ముఖాన్ని ఊరందరికీ పంచే హక్కు ఆమెను అడగకుండా మనకెక్కడిది? దిష్టి భయంతో నల్లచుక్కలు, తావీజుల జోలికి పోకుండా, దైవప్రవక్త (స) తమ మనుమలు హసన్, హుసైన్ (రజి)ల రక్షణకై చేసిన దుఆనే మేము ప్రతి సాయంత్రం పాపపై పఠిస్తున్నాము.

ఏడవ రోజున జరపవలసిన అఖీఖాను, పాప అప్పుడే ఆసుపత్రి నుండి వచ్చి బలహీనంగా ఉన్నందున, పద్నాలుగవ రోజున జరిపాము. తల వెంట్రుకలు తీయించి, వాటి తూకానికి వెండి విలువను ఒక పేద బాలింత వైద్యానికి ఇచ్చాము. అల్లుడు వీడియోలో చూస్తూనే ఉన్నాడు. దమ్మామ్‌లో మనకన్నా రెండున్నర గంటలు వెనుక; అక్కడింకా తెల్లవారుతూ ఉంది. గుండు తలతో, కిటికీ వెలుగులో పాప ఆవులించింది. ఫోను తీయబోయి ఆగాను. ఆ రోజు ఫోటో అప్పటికే తీశాము. దైవప్రవక్త (స) మనుమణ్ణి ముద్దుపెట్టుకోవడం చూసి, తనకు పదిమంది పిల్లలున్నా ఎవరినీ ముద్దాడలేదన్న వ్యక్తికి, కరుణ చూపనివాడికి కరుణ లభించదని ఆయన బోధించారన్న హదీసు జ్ఞాపకం వచ్చింది. ఫోను గూట్లో పెట్టి, పాపను ఎత్తుకుని ముద్దాడాను.

ఇప్పటికి ఆల్బమ్‌లో అరవై ఫోటోలు చేరాయి. మొదటి పుట మీద, నేను రంగు మార్చిన మూడవ రోజు ఫోటోనూ, మార్చని అసలు ఫోటోనూ పక్కపక్కనే అంటించాను. మా అమ్మాయి వద్దంది. ఉండనివ్వమన్నాను. ఇన్షా అల్లాహ్, రమజానుకు అల్లుడు సెలవు మీద వస్తున్నాడు. పాపను చేతుల్లోకి తీసుకున్నప్పుడు అతనికి కొత్త ముఖం ఎదురుకాకూడదన్నదే నా కోరిక. మన బిడ్డలను ఉన్నది ఉన్నట్టుగా చూడగల చూపును, చూసినదానికి సకాలంలో స్పందించగల బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.